మాడు నుంచి మడమ దాకా: ఎముకల గురించి మీరడిగినవి

పోయిన నెల ఎముకల గురించి ఏదైనా అడగమని రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. మెడికల్ కాలేజీలో 26 ఏళ్లు అనాటమీ చెప్పాను, ఎముకను చేతిలో పట్టుకుని మాట్లాడటం నాకు అలవాటే. కానీ మీ ప్రశ్నల్లో సగం మా పాఠాల్లో ఎక్కడా లేనివి, ఇంట్లో మంచం పక్కన, ఆస్పత్రి వరండాలో, శ్మశానం నుంచి తిరిగొచ్చాక పుట్టినవి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. ఎక్కువమంది అడిగినవి కొన్ని, ఒక్కరే అడిగినా పక్కన పెట్టలేకపోయినవి కొన్ని తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను ఏడో తరగతి చదువుతున్నాను. మా పుస్తకంలో మనిషికి 206 ఎముకలు అని ఉంది. మా తాతయ్యేమో సుశ్రుతుడు 300 అని చెప్పాడు, మీ పుస్తకమే తప్పు అంటున్నారు. ఎవరిది కరెక్టు? (కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఇద్దరిదీ కరెక్టే నాన్నా, లెక్కపెట్టిన పద్ధతి వేరు. ముందు నీ పుస్తకం సంగతి చూద్దాం. కాగితం తీసుకుని నాతో పాటు రాసుకో. మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఒక్కో చేతిలో 27 ఎముకలు, చీలమండ నుంచి ఒక్కో పాదంలో 26. రెండు చేతులూ రెండు పాదాలూ కలిపితే 106, అంటే ఒంట్లో ఉన్న ఎముకల్లో సగానికి పైగా అక్కడే ఉన్నాయి. వెన్నెముకలో 26, పక్కటెముకలు 24, పుర్రెలో దవడతో కలిపి 22. రెండు చెవుల లోపలా మూడేసి చొప్పున 6, వాటిలో చిన్నది మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో, బియ్యపు గింజ కన్నా చిన్నది. రొమ్ము మధ్యలో ఒకటి. నాలుక మొదట్లో, గొంతు పైభాగంలో గుర్రపు నాడా ఆకారంలో ఇంకొకటి. ఇది ఏ ఎముకనూ ఆనుకుని ఉండదు, కండరాలే దాన్ని వేలాడదీసి పట్టుకుంటాయి. ఇక భుజం నుంచి మణికట్టు దాకా ఒక్కో పక్క 5, తుంటి నుంచి చీలమండ దాకా ఒక్కో పక్క 5. ఇప్పుడు కూడి చూడు, 206 రావాలి.

అయితే ఈ లెక్క పెద్దవాళ్లది. నువ్వు పుట్టినప్పుడు నీ ఒంట్లో 270 నుంచి 300 దాకా ముక్కలుండేవి. పెరిగేకొద్దీ కొన్ని అతుక్కుని ఒకటవుతాయి. నీ తుంటి ఎముక ఇప్పటికీ మూడు ముక్కలే, మధ్యలో మెత్తటి మృదులాస్థి ఉంది, ఇంకొన్నేళ్లకు అవి ఒకే ఎముక అవుతాయి. నడుము కింద వెన్ను చివర ఐదు పూసలు కలిసిపోయి ఒకటవుతాయి.

తాతయ్య చెప్పిందీ నిజమే. వేదం చదివినవాళ్లు 360 అంటారు, శస్త్రవైద్యంలో మాత్రం 300 అని సుశ్రుతుడే రాశాడు. ఆయన ఊరికే అనలేదు, చూసి చెప్పాడు. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రోజులు నాననిచ్చి, తర్వాత వట్టివేళ్ల కుంచెలాంటిదాంతో మెల్లగా రుద్దుతూ ఒక్కో పొరా ఊడదీసి చూడమని రాశాడు. ఎముకలను ఐదు రకాలుగా విడదీశాడు: పలకల్లాంటివి కపాలాలు, వంపు తిరిగినవి వలయాలు, గొట్టాల్లాంటి పొడవాటివి నలకాలు, పళ్లు రుచకాలు, ముక్కులో చెవుల్లో ఉండే మెత్తటివి తరుణాలు. చూశావా, ఆయన పళ్లనూ మృదులాస్థినీ కూడా ఎముకల్లోనే కలిపాడు, మనం కలపం. తేడా చాలావరకు అక్కడే వచ్చింది. ఇంకో మాట, ఆ 206 కూడా అందరికీ ఒక్కటే కాదు. కొందరికి మెడ దగ్గర పక్కటెముక ఒకటి ఎక్కువ ఉంటుంది, ఎక్స్‌రే తీసేదాకా వాళ్లకే తెలియదు.

ప్రశ్న: మా పాపకు నాలుగో నెల. మాడు దగ్గర చెయ్యి పెడితే మెత్తగా తగులుతోంది, కొట్టుకుంటోంది కూడా. మా అత్తయ్య రోజూ గోరువెచ్చటి ఆముదం పెడుతున్నారు, అలా పెడితేనే మాడు పూడుతుందట. నాకు భయంగా ఉంది. (అనంతపురం నుంచి ఒక తల్లి)

జవాబు: భయం వద్దమ్మా, ఆ మెత్తదనం అక్కడ ఉండాల్సిందే. పసిబిడ్డ పుర్రె ఎముకలు అప్పటికి ఒకదానితో ఒకటి కలిసి ఉండవు. కాన్పులో ఆ ఇరుకు దారిలో తల పట్టడానికి అవి ఒకదాని మీదికి ఒకటి కొంచెం జరుగుతాయి, తర్వాత మెదడు పెరగడానికి చోటిస్తాయి. ఎముకలు కలిసే మూలలో మిగిలిన ఖాళీయే మాడు. అక్కడ గట్టి పొర ఒకటి ఉంటుంది, మీరు చేత్తో తాకితే ఏమీ కాదు. కొట్టుకోవడం కనిపించేది లోపలి రక్తనాళాల నాడి. తల వెనక ఉండే చిన్న ఖాళీ రెండు మూడు నెలలకే పూడిపోతుంది, ముందున్న ఈ పెద్దది మామూలుగా ఏడాదిన్నరకు అటూ ఇటూగా పూడుతుంది.

ఆముదం వల్ల మాడు పూడదు, ఎముక తనంతట తానే అంచుల నుంచి పెరిగి పూడ్చుకుంటుంది. అలాగని అత్తయ్యతో గొడవ పడకండి, పైపైన కాస్త రాస్తే వచ్చే నష్టం లేదు. అదిమి రుద్దడం, ఆకారం సరిచేస్తామని తలను నొక్కడం మాత్రం వద్దని చెప్పండి. మీరు గమనించాల్సింది వేరే ఉంది. విరేచనాలో వాంతులో అవుతూ మాడు గుంటపడితే ఒంట్లో నీరు తగ్గిపోతున్నట్టు. జ్వరం ఉండి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుసుకుని ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. మెదడు పొరల జబ్బు ఒక్కోసారి మొదట కనిపించేది అక్కడే.

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నా. 167.6 సెంటీమీటర్లు ఉండాలి, మొన్న సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చి కొలుచుకుంటే 167 వచ్చింది. ఫుల్ టెన్షన్‌గా ఉంది. రోజూ బార్‌కు వేలాడుతున్నా. ఎత్తు పెంచే పౌడర్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశా, తెప్పించుకోనా? (మహబూబ్‌నగర్)

జవాబు: తెప్పించుకోకు తమ్ముడూ, ఆ డబ్బులతో గుడ్లూ పాలూ కొనుక్కో. పొడవాటి ఎముక దాని చివర్లకు దగ్గరగా ఉండే ఒక సన్నటి మృదులాస్థి పలక దగ్గర పెరుగుతుంది. ఆ పలకలో కొత్త కణాలు పుడుతుంటాయి, వెనకవి ఎముకగా మారుతుంటాయి, అలా ఎముక సాగుతుంది. ఆడపిల్లల్లో సుమారు 14 నుంచి 16 ఏళ్లకు, మగపిల్లల్లో 16 నుంచి 18 ఏళ్లకు కాళ్లలోని పలకలు చాలావరకు గట్టిపడి ఎముకలో కలిసిపోతాయి, కొందరిలో ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ అవుతుంది. అవి మూసుకున్నాక ఏ పౌడరూ వాటిని మళ్లీ తెరవలేదు. నమ్మకం కుదరకపోతే మోకాలి ఎక్స్‌రే తీయించుకో, పలక ఉంటే నల్లటి గీతలా కనిపిస్తుంది.

కానీ నీ విషయంలో నాకు ఆశ ఉంది, నువ్వు సాయంత్రం కొలుచుకున్నావు. వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులు 23 ఉంటాయి, వెన్ను పొడవులో పావు వంతు దాకా అవే. పగలంతా నిలబడి, పరిగెత్తి, బరువులు మోస్తే వాటిలోని నీరు కొంత బయటికి పోయి అవి అణుగుతాయి, రాత్రి పడుకుంటే మళ్లీ నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేవగానే ఉన్న ఎత్తుకీ రాత్రి ఎత్తుకీ దాదాపు ఒక సెంటీమీటరు తేడా వస్తుంది, కొందరిలో ఇంకాస్త ఎక్కువే. ఆ తగ్గేది కూడా లేచిన మొదటి రెండు మూడు గంటల్లోనే ఎక్కువగా తగ్గుతుంది. రేపు నిద్ర లేవగానే గోడకు మడమలు, పిరుదులు, వీపు ఆనించి, గడ్డం పైకెత్తకుండా చూపు నేరుగా పెట్టి ఇంట్లోవాళ్లతో కొలిపించుకో. కొలతల రోజున ముందు రాత్రి బాగా పడుకో, బస్సులో గంటల తరబడి నిలబడి రాకు, కొలత అయ్యేదాకా గంతులూ వార్మప్పులూ వద్దు, వీలుంటే ఎక్కడైనా వెల్లకిలా పడుకుని ఉండు. బార్‌కు వేలాడటం భుజాలకు మంచిదే, అప్పటికప్పుడు వెన్ను కాస్త సాగుతుంది కూడా, కానీ అది నిలవదు. కాళ్లు కోసి పొడవు పెంచే ఆపరేషన్ గురించి ఎవరైనా చెప్తే ఆ వైపు చూడనే చూడకు. నెలల తరబడి మంచం, పైగా నువ్వు పరిగెత్తాల్సినవాడివి.

ప్రశ్న: మెటికలు విరిస్తే కీళ్లు అరిగిపోతాయా? (చాలామంది)

జవాబు: అరగవు. దిష్టి తీసి మెటికలు విరిచే అమ్మమ్మల చేతులకు ఏమీ కాలేదు కదా. కీలు లోపల జిగురుగా, గుడ్డు తెల్లసొనలా ఒక ద్రవం ఉంటుంది. వేలు లాగినప్పుడు లోపల పీడనం తగ్గి ఆ ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది, ఆ టప్పుమనే చప్పుడు దానిదే. మళ్లీ విరవాలంటే ఇరవై నిమిషాలు ఆగాలి, వాయువు తిరిగి కరగాలి కాబట్టి. అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే డాక్టరు 50 ఏళ్లు ఎడమ చేతి మెటికలు మాత్రమే విరిచి, కుడిచేతివి వదిలేసి, చివరికి రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని 1998లో రాశాడు. చప్పుడుతో పాటు నొప్పి, వాపు ఉంటే మాత్రం అది వేరే సంగతి, చూపించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు బండి మీద నుంచి పడ్డారు. ముంజేయి విరిగినట్టుంది, వంకరగా ఉంది. కట్టు కట్టే ఆయన దగ్గరికే పోదామంటున్నారు, ఆస్పత్రికి వెళ్తే కోస్తారని భయం. ఆయన్ని ఎలా ఒప్పించాలి? (నెల్లూరు జిల్లా)

జవాబు: పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. వెదురు బద్దలు, ఆకు పసరు, గుడ్డు సొన వేసి కట్టే ఆ పనిని తరాలుగా జనం నమ్మారు, అందులో బాగుపడ్డవాళ్లూ ఉన్నారు, ఆ నమ్మకాన్ని నేను తీసిపారెయ్యను. కానీ ఒకటి తెలుసుకోవాలి. ఎముకను అతికించేది పసరూ కాదు, మేం వేసే పిండికట్టూ కాదు. దానికదే అతుక్కుంటుంది. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది, రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో మెత్తటి అతుకు తయారవుతుంది, ఆరు వారాలు దాటేసరికి అది చాలావరకు గట్టిపడుతుంది. ఆ తర్వాత నెలలు, ఏళ్ల పాటు ఎక్కువైనచోట చెక్కుకుంటూ తక్కువైనచోట పోసుకుంటూ పాత ఆకారానికి వస్తుంది. ఒంట్లో చాలా గాయాలు ఇలా మచ్చ లేకుండా మానవు. కట్టు పని ఒక్కటే, ముక్కలు సరైన చోట కదలకుండా ఉంచడం. సరైన చోట ఉన్నాయో లేదో చేత్తో తడిమితే పూర్తిగా తెలియదు, ఎక్స్‌రే కావాలి.

ముంజేయి విషయంలో ఇది మరీ ముఖ్యం. అక్కడ రెండు ఎముకలు పక్కపక్కన ఉంటాయి. అరచెయ్యి పైకి తిప్పినప్పుడు, బోర్లించినప్పుడు బొటనవేలి వైపు ఎముక రెండోదాని చుట్టూ తిరుగుతుంది. పిల్లల్లో కొంచెం వంకరగా అతుక్కున్నా పెరుగుదలలో సర్దుకుంటుంది, నాన్నగారి వయసులో సర్దుకోదు. వంకరగా అతికితే ఎముక అతికినట్టే ఉంటుంది కానీ చెయ్యి తిరగదు, దోసిలి పట్టలేరు, ప్రసాదం అందుకోలేరు. అందుకే పెద్దవాళ్లలో ముంజేయి మధ్యలో విరిగితే చాలాసార్లు ప్లేటు వేస్తారు. ఇది నాన్నగారికి మీ చెయ్యి తిప్పి చూపిస్తూ చెప్పండి, ఆయనకు అర్థమవుతుంది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా తమ్ముడు ఎనిమిదేళ్లప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాడు, మోచేతి పైన విరిగింది. ఊళ్లో ఒకాయన బద్దలు పెట్టి బిగించి కట్టారు. రాత్రంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. విరిగినచోట నొప్పి ఉండదా, ఓర్చుకో అని అందరం ఊరుకోబెట్టాం. మూడో రోజు కట్టు విప్పేసరికి వేళ్లు నల్లబడి, బిగుసుకుపోయి ఉన్నాయి. వాడికి ఇప్పుడు 50 దాటాయి, ఈనాటికీ ఆ చేతి వేళ్లు పూర్తిగా చాచలేడు. ఎముక మాత్రం చక్కగా అతికింది. చచ్చిపోయింది కండ. రక్తం అందకపోతే కండరం కొన్ని గంటలకు మించి బతకదు. ఎవరు కట్టినా, పెద్దాస్పత్రిలో పిండికట్టు వేసినా సరే, కట్టిన తర్వాత నొప్పి తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే, వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేలు పట్టి మెల్లగా చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా అప్పటికప్పుడు, అర్ధరాత్రయినా కట్టు వదులు చేయించండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే కట్టు మాటే ఎత్తకుండా నేరుగా ఆస్పత్రికే.

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరిగింది. డాక్టరు ఆపరేషన్ చేసి బాల్ మార్చాలంటున్నారు. మంచం మీద కదలకుండా ఉంచితే అదే అతుక్కోదా? నాకు 51, నెలసరి ఆగి రెండేళ్లయింది. నాకూ ఇలాగే అవుతుందా? (విజయవాడ)

జవాబు: తుంటి విరిగింది అంటాం కానీ చాలాసార్లు విరిగేది తుంటి ఎముక కాదు, తొడ ఎముక పైకొస. ఒంట్లోకెల్లా పొడవైన ఎముక అది, మన ఎత్తులో దాదాపు పావు వంతు. దాని పైన బంతిలా ఉండే తల తుంటి గుంటలో కూర్చుంటుంది, తలకూ కాండానికీ మధ్య సన్నటి మెడ ఉంటుంది. తలకు రక్తం ఎక్కువగా ఆ మెడ వెంట పాకే సన్నటి నాళాల గుండానే వెళ్తుంది. మెడ విరిగి పక్కకు జరిగితే నాళాలు కూడా తెగుతాయి, తలకు తిండి ఉండదు. అతుక్కోవాలంటే బతికి ఉండాలి కదా. అందుకే బంతి మార్చమన్నారు. మంచం మీద ఉంచితే ఆ వయసులో ఊపిరితిత్తుల్లో నెమ్ము, వీపున పుళ్లు, కాళ్లలో రక్తం గడ్డలు, ఇవి ఎముక కన్నా ముందు మనిషిని తీసుకుపోతాయి. గుండె, షుగరు చూసుకుని డాక్టరు సరేనంటే ఆలస్యం చెయ్యకండి. ఆపరేషన్ అయిన మర్నాడో ఆ మర్నాడో వాకర్ పట్టుకుని నిలబెట్టేస్తారు.

మీ సంగతి. ఎముకలో ఒక జాతి కణాలు పాతదాన్ని తవ్వుతుంటాయి, ఇంకో జాతి కొత్తది పోస్తుంటాయి, ఒంట్లో ఏటా దాదాపు పదో వంతు ఎముక ఇలా మారిపోతుంటుంది. ముప్ఫై ఏళ్ల దాకా పోసేవాళ్లది పైచెయ్యి. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి తవ్వేవాళ్లకు అడ్డు ఉండదు, మొదటి కొన్నేళ్లలో నష్టం వేగంగా జరుగుతుంది. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ ఏళ్లలోనే ఉన్నారు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా అనే పరీక్ష చేయించుకోండి, అందులో వచ్చే టి స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క, దానికి మందులున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో ఇంకా చాలా ఎక్కువ. రాగి సంకటి, నువ్వుల పొడి, పెరుగు మన ఇళ్లలో కొత్తవేం కాదు. ఎండ తగలాలి, నడవాలి, ఎముక మీద బరువు పడాలి. బాత్‌రూమ్‌లో గోడకు పట్టుకునే రాడ్ వేయించండి, రాత్రి లైటు ఆర్పకండి. చవకైన పని, చాలా తుంట్లు నిలుస్తాయి.

ప్రశ్న: ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్తాను. ఎముక దేనితో తయారవుతుందో పిల్లలకు కళ్లతో చూపించే మార్గం ఉందా? ల్యాబ్ లేదు. (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ఉంది, కోడికాలు ఎముక చాలు. రెండు ఎముకలు శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. ఒకదాన్ని వెనిగర్‌లో వేసి మూత పెట్టి వారం పాటు ఉంచండి, మధ్యలో ఒకసారి వెనిగర్ మార్చండి. అందులోని ఖనిజం కరిగిపోయి కొలాజెన్ అనే నార మిగులుతుంది, ఎముక రబ్బరులా వంగుతుంది. రెండోదాన్ని మీరే బొగ్గుల మీద తెల్లబడేదాకా కాల్చండి. నార కాలిపోయి ఖనిజం మిగులుతుంది, వేళ్ల మధ్య నలిపితే పిండవుతుంది. ఈ రెండూ పిల్లల చేతికిచ్చి ఇంకేమీ చెప్పకుండా కాసేపు వదిలెయ్యండి. ఇంటి కప్పులో ఇనుప చువ్వలూ కాంక్రీటూ కలిసినట్టు ఎముకలో నారా ఖనిజమూ కలుస్తాయని వాళ్లలో ఎవరో ఒకరు మీకంటే ముందే అంటారు.

ప్రశ్న: మాది మర్రిగూడ వైపు. మా తాత నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఇప్పుడు మాకు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. ఈ నీళ్లు తాగితే తాత మళ్లీ నిటారవుతాడా? (నల్గొండ జిల్లా)

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నిటారు కాలేరు బాబూ. ఎందుకో చెప్తాను.

మీ నేల కింద ఉన్న రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. వాన తక్కువ, బోరు నీరు ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచి వాటిని కరిగించుకుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించితే తాగకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన దేశంలో 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని ప్రమాణం. అంతకు మించిన నీటిని తాత పుట్టినప్పటి నుంచీ తాగారు. పొలంలో ఎండకు పని చేసేవాళ్లు ఇంకా ఎక్కువ నీళ్లు తాగుతారు. ఆ ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంలోకి దూరి అక్కడే ఉండిపోతుంది. ఎక్స్‌రేలో ఎముక మామూలుకన్నా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, చూసినవాళ్లు బలంగా ఉందనుకుంటారు, కానీ అది పెళుసు. అంతటితో ఆగదు. పూసలను కట్టి ఉంచే నరాల్లాంటి బంధనాల్లో కూడా సున్నం పేరుకుని అవే ఎముకవుతాయి. విడివిడిగా కదలాల్సిన పూసలన్నీ ఒకే కర్రలా అయిపోతాయి. తాత మెడ తిప్పలేకపోవడం అందుకే.

ఇది కొత్తగా తెలిసిన జబ్బు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా మన తెలుగు పల్లెల్లో చూసి 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు. పటికా సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది, దానికి పేరే నల్గొండ పద్ధతి. పద్ధతికి మీ జిల్లా పేరు పెట్టిన తర్వాత కూడా ఎన్ని తరాలు ఆ నీళ్లే తాగాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మంచి నీళ్లు తాగితే తాత ఎముకల్లోని ఫ్లోరైడ్ ఏళ్ల మీద చాలా మెల్లగా తగ్గుతుంది, కొందరికి నొప్పులు తగ్గుతాయి. బిగుసుకున్న బంధనాలు వెనక్కి రావు. కానీ కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే వెన్నుపాము నొక్కుకుంటోందని అర్థం, అప్పుడు ఆపరేషన్‌తో కొంత మేలు జరగొచ్చు, నిమ్స్ లాంటి పెద్దాస్పత్రిలో చూపించండి. ఇంట్లో చిన్నపిల్లలకు తాగడానికే కాదు, వంటకూ నల్లా నీళ్లే వాడండి. నల్లా రాని రోజున బోరు నీళ్లు కాచి తాగితే సరిపోతుందనుకోకండి, కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లల పళ్లు లోపల తయారవుతుంటాయి, ఆ ఏళ్లలో మంచి నీళ్లు పడితే పళ్ల మీద ఆ గోధుమ రంగు చారలు రావు.

ప్రశ్న: నెల క్రితం నాన్న పోయారు. మూడో రోజు నేనే అస్థికలు ఏరాను. అంత మనిషి, ఒక చిన్న కుండలో పట్టారు. గోదావరిలో కలిపేదాకా ఆ తెల్లటి ముక్కలు చూస్తూనే ఉన్నాను. అవి ఏవి, ఎందుకు మిగిలాయి? ఇలా అడగొచ్చో లేదో తెలియదు. (రాజమహేంద్రవరం)

జవాబు: అడగొచ్చు. నేనైనా అడిగేదాన్నే. మంటలో నీరు, కొవ్వు, కండ, ఎముకలోని నార అన్నీ పోతాయి. మిగిలేది కాల్షియమూ ఫాస్ఫేటూ కలిసిన ఖనిజం, కట్టెల మంటకు అది కరగదు. పూర్తిగా కాలినచోట తెల్లగా, కొంచెం తక్కువ కాలినచోట బూడిద రంగులో, నార మాడి బొగ్గుగా మిగిలినచోట నల్లగా ఉంటుంది. మీ చేతికి తగిలిన గుండ్రటి ముక్క ఏదైనా ఉంటే అది బహుశా తొడ ఎముక తలో, భుజం ఎముక తలో. పలకల్లా వంపుగా ఉన్నవి పుర్రెవి. గొట్టం చీలినట్టున్నవి కాళ్లవి, చేతులవి. పళ్ల పై పింగాణీ వేడికి పగిలి రాలిపోతుంది, పంటి మొదళ్లు మిగులుతాయి.

ఇంకో సంగతి చెప్తాను, మీకు కావాలనిపించింది. ఎముక లోపలి గుల్ల భాగం కొన్నేళ్లకే కొత్తదవుతుంది, పైనున్న గట్టి చిప్ప మారడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి మీరు ఏరినదాంట్లో కొంత నాన్న పడుచువాడుగా ఉన్నప్పుడు తయారైనది, కొంత పోయిన ఏడాది మీ ఇంట్లో తిన్న తిండితో తయారైనది. ఆయన వయసంతా అందులో ఉంది.

ప్రశ్న: మేడమ్, ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. సీనియర్ దగ్గర బోన్ సెట్ తీసుకున్నాను, నిజమైన ఎముకలు. మా అమ్మ ఆ పెట్టె ఇంట్లోకి తేవద్దంటోంది. నాకూ రాత్రి ముట్టుకోవాలంటే ఎలాగో ఉంది. పైగా కుడిదో ఎడమదో అర్థమే కావట్లేదు, వచ్చే వారం వైవా, అంటే నోటి పరీక్ష. (కర్నూలు)

జవాబు: అమ్మ మాట కాదనకు తల్లీ, హాస్టల్లోనే ఉంచుకో. నీకు ఎలాగో ఉండటం తప్పేమీ కాదు, మొదటి ఏడాది నాకూ ఉండేది. ఆ పెట్టెలో ఉన్నది ఒక మనిషి, చాలాసార్లు ఇద్దరు ముగ్గురు మనుషులు. ఒకప్పుడు మన దేశం నుంచి, ముఖ్యంగా కలకత్తా నుంచి, ప్రపంచంలోని వైద్య కళాశాలలకు ఎముకలు ఓడలెక్కి పోయేవి, 1985లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అందుకని నేను పిల్లలకు ఒక పద్ధతి అలవాటు చేశాను: నేల మీద పెట్టకూడదు, గుడ్డ పరిచి దాని మీద పెట్టాలి, దాంతో ఫొటోలు దిగకూడదు, చదవడం అయ్యాక లెక్కపెట్టి లోపల పెట్టాలి. అలా చేస్తే కొన్నాళ్లకు భయం పోతుంది, ముట్టుకోగానే ఆ మనిషి ఎవరో అన్న ఆలోచన మాత్రం ఉంటుంది, అది ఉండనీ.

ఇక కుడి ఎడమలు. పుస్తకం మూసి క్లావికిల్, అంటే కాలర్ ఎముక తీసుకో. తల్లి కడుపులో అన్ని ఎముకల కన్నా ముందు, ఐదారు వారాలకే గట్టిపడటం మొదలుపెట్టేది అదే, రొమ్ము వైపు కొస పూర్తిగా అతుక్కునేది మాత్రం ఇరవైలు దాటుతుండగా, అన్నిటికన్నా చివర. చదునుగా ఉన్న కొస భుజం వైపు, లావుగా గుండ్రంగా ఉన్న కొస రొమ్ము వైపు. లావు కొస వైపు మూడింట రెండు వంతుల వంపు ముందుకు ఉబ్బి ఉండాలి. గాడి ఉన్న ముఖం కిందికి. ఈ మూడూ సరిచూసుకుని నీ భుజానికే ఆనించుకో, ఏ పక్క కుదిరితే ఆ పక్కది. తర్వాత ఫీమర్, అంటే తొడ ఎముక: తల లోపలికి, నిలువు గీత వెనక్కి. ఒక్కో ఎముకను ఇలా నీ ఒంటి మీదే పెట్టుకుని నేర్చుకుంటే నాలుగు రోజులు చాలు. ఐదో రోజు కళ్లు మూసుకుని పెట్టెలో చెయ్యి పెట్టి, తగిలింది ఏ ఎముకో ఏ పక్కదో తీయకుండా చెప్పి చూడు. వైవా అయ్యాక ఎలా జరిగిందో నాకు రాయి.